కాగెషాల్‌లో ఒక బట్టల వర్తకుడి ఇల్లు

చిరంజీవులు పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. చూడదగ్గ పాత కట్టడాలంటే కోటలూ రాజభవనాలేనా అని అడిగారు కదా. ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతంలో కాగెషాల్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1509 ప్రాంతంలో కట్టిన ఇంటి గురించి చెబుతాను. దాన్ని కట్టించుకున్న పేకాక్ కుటుంబం రాజులూ కారు, ప్రభువులూ కారు. ఉన్ని బట్టల వర్తకులు.

ఆ ఇంటి బరువు మోసేది ఓక్ అనే గట్టి చెట్టు కలపతో బిగించిన చట్రం. దగ్గర దగ్గరగా నిలబెట్టిన కర్రల మధ్య సందులను ఇటుకలతో పూడ్చారు. ఇల్లు నిలబడడానికి అన్ని కర్రలు అక్కరలేదు. కలప ఖరీదైన సరుకు కాబట్టి, వీధివైపు అంత ఒత్తుగా నిలబెట్టారంటే తమ కలిమిని ఊరికి చూపించడమే. పై అంతస్తు కింది గోడను దాటి వీధిలోకి ముందుకు వస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం అతుకుల పని. అప్పటి వడ్రంగులు పచ్చి ఓక్‌నే వాడేవారు. ఒక దూలం కొసను నాలుకలా చెక్కి, రెండోదానిలో తొలిచిన గుంటలోకి దూర్చి, అడ్డంగా కొయ్య చీల దిగగొట్టేవారు. చీల కోసం వేసే బెజ్జాలు రెండూ సూటిగా కలవకుండా, కావాలనే కాస్త పక్కకు జరిపేవారు. చీల దిగేకొద్దీ ఆ రెండు కొయ్యలూ దగ్గరకు లాక్కుని బిగుసుకునేవి. ఎంత తెలివో చూడండి!

పై అంతస్తు అంచున అడ్డంగా ఉన్న పొడవాటి దూలాన్ని దగ్గరగా చూడాలి. తీగలూ ఆకులూ చిన్న చిన్న మనుషుల ముఖాలూ వరుసగా చెక్కారు. వాటి మధ్య ఇంటి యజమాని థామస్ పేకాక్ పేరులోని తొలి అక్షరాలు, ఆయన వర్తకపు గుర్తు ఉంటాయి. లోపలి గది గోడలకు బిగించిన చెక్క పలకలైతే మడతపెట్టిన గుడ్డలా కనిపిస్తాయి. గట్టి ఓక్‌లో గుడ్డ మడతలు! ఆ రోజుల్లో సంపన్నుల ఇళ్లలో ఈ తరహా ఉండేదే, కానీ బట్టల వర్తకుడి ఇంట్లో చూస్తే మనసు నిండుతుంది.

19వ శతాబ్దంలో ఇల్లు పాడుబడింది. 1904లో నోయెల్ బక్స్‌టన్ అనే ఆయన కొని బాగుచేయించారు. 1924లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది.

థామస్ 1518లో చనిపోయాడు. వీలునామాలో తన నేతగాళ్లకు తలా 12 పెన్నీలు, ఉన్ని దువ్వేవాళ్లకూ ఏకేవాళ్లకూ నూలు వడికేవాళ్లకూ కలిపి 4 పౌండ్లు రాసి వెళ్లాడు. ఆ ఓక్ కలపకు డబ్బు వచ్చింది వాళ్ల చేతుల మీదుగానే.

మీ తాతయ్య