ఏ దేశంలో రిటైరవ్వాలి? అపోహలు - వాస్తవాలు

బరంపురంలో పెన్షనర్ల ఇన్‌కమ్ ట్యాక్స్ పనులు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఈ మధ్య రిటర్న్ వేయించుకోవడానికి వచ్చినవాళ్లు, పని అయ్యాక కూర్చుని అడుగుతున్నారు: "బాబూ, థాయ్‌లాండ్ మంచిదా, మలేషియానా?"

మనవైపు వాళ్లకు పరదేశం కొత్త కాదు. గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం (బర్మా) వెళ్లినవాళ్లు మన తాతల్లో ఎందరో. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నాక చాలామంది అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. అందుకే వెళ్లే దారితో పాటు తిరిగొచ్చే దారి కూడా చూసుకోమని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: ఖర్చు తక్కువైతే చాలు, ఆ దేశం మనకు సరిపోయినట్టే.

వాస్తవం: ముందు వీసా షరతులు చూడండి. థాయ్‌లాండ్‌లో 50 ఏళ్లు దాటినవాళ్లకు రిటైర్మెంట్ కింద ఏడాది చొప్పున అనుమతి ఇస్తారు. దానికి అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు ఉండాలి, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపాలి. 8 లక్షల బాత్‌లంటే మన లెక్కలో 20 లక్షలు దాటుతుంది.

మామూలుగా భర్త పేరున వీసా తీసుకుంటారు, భార్య డిపెండెంట్‌గా వెళుతుంది. ఆయన పోతే? అప్పుడు ఆవిడ తన పేరున మళ్లీ అర్హత చూపుకోవాలి. ఆఖరి బేసిక్ జీతంలో పెన్షన్ 50 శాతమైతే, ఆయన పోయాక ఆవిడకొచ్చే మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతమే. ఒక రిటైర్డ్ టీచర్ గారితో ఈ లెక్క కాగితం మీద వేయించాను. ఆయన మాట్లాడలేదు. ఆయన భార్య కాగితం తన వైపు తిప్పుకుని రెండుసార్లు చదివారు. దేశం ఏదైనా ఈ లెక్క మొదట వేయండి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని వేయండి.

అపోహ: ఇండియా వదిలేస్తే ఇక్కడి పన్ను ఉండదు.

వాస్తవం: కొందరికి పెరుగుతుంది. సాధారణంగా ఏడాదిలో 182 రోజులకన్నా తక్కువ ఇక్కడుంటే ఎన్నారై అవుతారు. ప్రభుత్వ పెన్షన్‌కు, ఇక్కడి ఇంటి అద్దెకు ఇక్కడే పన్ను పడుతుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేకపోవడానికి కారణం రిబేటు, అంటే లెక్కకొచ్చిన పన్నులో ఇచ్చే తగ్గింపు. ఆ రిబేటు ఇక్కడి నివాసులకే. అన్ని మినహాయింపులూ పోను 9 లక్షల ఆదాయం ఉంటే, ఇక్కడుంటే పన్ను సున్నా. ఎన్నారై అయితే సెస్సుతో కలిపి 31,200 రూపాయలు. పైగా వడ్డీలో పన్ను పట్టొద్దని బ్యాంకులో ఇచ్చే ఫారం ఇక ఇవ్వడం కుదరదు, సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ఎన్నారైల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతాగా) మార్పించుకోవాలి, మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు అద్దెలోంచే పన్ను (టీడీఎస్) పట్టి ప్రభుత్వానికి కట్టాలి. ఈ చివరిది మన ఊళ్లో దాదాపు ఎవరూ చేయరు, నోటీసు వచ్చాక పరుగెత్తుకొస్తారు.

అపోహ: అక్కడ ఇల్లు కొనేస్తే స్థిరపడినట్టే.

వాస్తవం: థాయ్‌లాండ్‌లో విదేశీయుల పేరున భూమి ఉండదు. కాండోలో (అపార్ట్‌మెంట్ భవనంలో) ఫ్లాటు కొనవచ్చు, అదీ భవనంలో 49 శాతం విస్తీర్ణం దాకానే విదేశీయులకు. ఫ్లాటు ఉన్నంత మాత్రాన వీసా రాదు. షరతులూ నిలకడగా ఉండవు. మలేషియా తన దీర్ఘకాల వీసాకు నెల ఆదాయం షరతును 2021లో 10,000 రింగిట్ల నుంచి 40,000కు పెంచింది, 2024లో మొత్తం పద్ధతే మార్చింది. ఇల్లు కొంటే ఇచ్చే గోల్డెన్ వీసాను స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో ఆపేసింది.

అపోహ: పిల్లలు అమెరికాలో ఉన్నారు, మాకేం టెన్షన్?

వాస్తవం: అమెరికాలో రిటైర్మెంట్ వీసా అనేదే లేదు. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడ ఉద్యోగం చేయని 65 దాటినవాళ్లు మెడికేర్ (పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు కట్టి తీసుకోవాలన్నా 5 ఏళ్లు వరుసగా అక్కడ ఉండాలి. ఇక్కడి హెల్త్ పాలసీలు చాలావరకు అక్కడి వైద్యానికి పనికిరావు. అలాగని ఆ పాలసీని ఆపేయకండి. 70 దాటి తిరిగొస్తే షుగరూ బీపీ ఉన్నవాళ్లకు కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం.

ఇక్కడి ఇల్లు మొదటి రెండేళ్లు అమ్మకండి. ముందు మీరు వెళ్లాలనుకున్న ఊళ్లో అద్దెకు మూడు నెలలు ఉండి రండి, వానాకాలంలో వెళ్లండి. ఆ మూడు నెలల్లో ఒక్కసారైనా మీ ఆవిడ ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లి, డాక్టరుకు తన బాధ చెప్పుకుని, మందులు తెచ్చుకోగలరేమో చూడండి.