ఫంక్షన్‌కి పట్టిన టైమంతా సీపీయూ చేసిన పని కాదు: కెర్నెల్ ట్రేసింగ్‌పై అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్ళీ అదే ఫోన్. రాత్రి పదిన్నరకి, ఈసారి జయపురం నుంచి. "అన్నా, ఎఫ్‌ట్రేస్ పెట్టి చూశాను, ఒక్క ఫంక్షనే నాలుగొందల మిల్లీసెకన్లు తినేస్తోంది, మావాళ్ళు సర్వర్ మార్చీమంటున్నారు, ఏటి చేయమంటావు?" గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. పర్లాకిమిడిలో ఉంటూ అటు బరంపురం నుంచి ఇటు రాయగడ దాకా చిన్న చిన్న ఆఫీసుల లినక్స్ సర్వర్లు చూసుకుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ప్రతిసారీ ఫోన్లో చెప్పేదే ఇప్పుడు రాసి పెడుతున్నాను. కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ. అందులో ఏ ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసిపెట్టే పరికరం ఎఫ్‌ట్రేస్, దాన్ని టైముతో సహా చూపించే పద్ధతి ఫంక్షన్ గ్రాఫ్.

అపోహ: ఫంక్షన్ గ్రాఫ్‌లో డ్యూరేషన్ ఎక్కువగా కనిపిస్తే ఆ ఫంక్షనే దోషి, సీపీయూ చాలట్లేదు.

వాస్తవం: ఆ అంకె ఫంక్షన్‌లోకి వెళ్ళిన క్షణం నుంచి బయటికి వచ్చిన క్షణం దాకా గడియారంలో గడిచిన కాలం, అంతే. మధ్యలో ఆ టాస్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నిద్రపోయినా, డిస్క్ కోసం కాచుకున్నా, ఇంకొకరి చేతిలో ఉన్న లాక్ కోసం ఆగినా, సీపీయూ కోసం కట్టే వరుసలో (రన్ క్యూ) వంతు రాక నిలబడినా అన్నీ అందులోనే కలుస్తాయి. లోపల పిలిచిన ఫంక్షన్ల టైమూ అందులోదే. బ్యాంకుకి వెళ్ళి రెండు గంటలకి తిరిగొస్తే క్యాషియర్ రెండు గంటలూ మన డబ్బే లెక్కపెట్టాడని ఎవరూ అనుకోరు కదా, ఇక్కడ మాత్రం అలాగే అనేసుకుంటున్నారు.

గుణుపురంలో ఒక హోల్‌సేల్ దుకాణం సంగతి చెబుతాను. బిల్లు సేవ్ చేస్తే ఒక్కోసారి అర సెకను పైనే ఆగిపోయేది. లోడ్ యావరేజ్ (మెషీన్ మీద ఒత్తిడి చెప్పే అంకె) 6 చూపిస్తోంది, మెషీన్‌లో ఉన్నవి నాలుగు కోర్లు. కంప్యూటర్లు అమ్మేవాళ్ళు వచ్చి చూసి ప్రాసెసర్ పాతదైపోయింది, లక్షన్నర అవుతుందని కొటేషన్ ఇచ్చేశారు. షాపాయన పాపం అప్పు కోసం తిరగడం కూడా మొదలుపెట్టారు. నేను పొద్దున్న రైలుకి వెళ్ళి, ఎఫ్‌సింక్ (డేటాని డిస్క్ మీద ఖాయంగా రాయించే కాల్) దారిలో ఉన్న ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) ఫంక్షన్ ఒక్కదాని మీదే ఫంక్షన్ గ్రాఫ్ పెట్టాను. డ్యూరేషన్ కాలమ్‌లో 4,12,637 మైక్రోసెకన్లు, పక్కన '@' గుర్తు. వంద మిల్లీసెకన్లు దాటితే వచ్చే గుర్తు అది. అందరూ అక్కడే ఆగిపోతారు. కొంచెం పైకి జరిపి చూడండి. మధ్యలో అడ్డంగా గీతలు, ఆ గీతల మధ్య డేటాబేస్ ప్రాసెస్ పేరు, బాణం, బాణం అవతల ఐడిల్. అంటే మన టాస్క్ పక్కకి తప్పుకోగానే ఆ సీపీయూకి చేయడానికి ఇంకేమీ లేక ఖాళీగా కూర్చుంది! ఖాళీగా ఉన్న సీపీయూని మార్చడానికా లక్షన్నర?

ఎఫ్‌ట్రేస్ ఆప్షన్లలో స్లీప్-టైమ్ అని ఒకటుంది, టాస్క్ సీపీయూ వదిలి ఆగిన కాలాన్ని కలపాలా వద్దా అని చెప్పేది, మామూలుగా 1 ఉంటుంది. దాన్ని 0 చేసి మళ్ళీ తీశాను. అదే ఫంక్షన్ రెండొందల మైక్రోసెకన్ల లోపుకి వచ్చేసింది. మిగతాదంతా నిరీక్షణే. దేనికోసమో తెలుసుకోవడానికి బీసీసీ (ట్రేసింగ్ పరికరాల పెట్టె)లోని ఆఫ్‌సీపీయూటైమ్, అంటే టాస్క్ సీపీయూ మీద లేని కాలాన్ని కొలిచేది, నడిపితే స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుస) తిన్నగా ఐఓ షెడ్యూల్ (డిస్క్ లాంటివాటి కోసం ఆగే చోటు) దగ్గరికి తీసుకెళ్ళింది, డిస్క్ రిక్వెస్టుల టైమ్ కొలిచే బయోలేటెన్సీలో కొన్ని రిక్వెస్టులు అర సెకను గడిలో పడుతున్నాయి. స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) తీస్తే హార్డ్ డిస్క్‌లో పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు. ముందు బ్యాకప్ తీసి, కొన్ని వేల రూపాయల ఎస్ఎస్‌డీ వేశాం. మెషీన్ ఇప్పటికీ అదే.

లోడ్ 6 మాటేమిటంటారా? లినక్స్‌లో లోడ్ యావరేజ్ అంటే సీపీయూ కోసం నిలబడ్డవాళ్ళే కాదు, డీ స్టేట్‌లో (మధ్యలో లేపలేని నిద్ర) డిస్క్ కోసం పడుకున్నవాళ్ళూ లెక్కే. ఈ ఒక్క విషయం తెలియక ఎంత డబ్బు పోతోందో చూస్తే నాకు కడుపు మండిపోతుంది. నిజంగా సీపీయూ చాలకపోవడమూ ఉంటుంది, కాదనను. అప్పుడు రన్‌క్యూలాట్ అనే బీసీసీ పరికరంలో వంతు కోసం ఆగిన కాలం కనిపిస్తుంది. అది చూశాక కొనండి.

అపోహ: సగటు బాగుంటే లేటెన్సీ (ఒక్కో పనికి పట్టే కాలం) బాగున్నట్టే.

వెయ్యి కాల్స్‌లో 990 యాభై మైక్రోసెకన్లలో అయిపోయి, పది మాత్రం 400 మిల్లీసెకన్లు పట్టాయనుకోండి. సగటు సుమారు 4 మిల్లీసెకన్లు. నాలుగు మిల్లీసెకన్లు పట్టిన కాల్ అందులో ఒక్కటీ లేదు, కౌంటర్ దగ్గర తిట్లు తినేది ఆ పదింటివల్లే. అందుకే ఫంక్‌లేటెన్సీ (ఇదీ బీసీసీలోదే) ఇచ్చే హిస్టోగ్రామ్, అంటే ఎంత టైమ్ ఎన్ని కాల్స్‌కి పట్టిందో చూపే పటం, చూడాలి, అందులో రెండు గుట్టలు కనిపిస్తే రెండు వేర్వేరు కథలున్నాయన్నమాట.

అపోహ: ట్రేసింగ్ ఆన్ చేస్తే సర్వర్ పడిపోతుంది, కెర్నెల్ మళ్ళీ కంపైల్ చేయాలి.

ఎఫ్‌ట్రేస్ 2008లో, 2.6.27 నుంచే కెర్నెల్‌లో ఉంది. మనం వాడే ప్రధాన డిస్ట్రోలన్నీ దాన్ని ఆన్ చేసే ఇస్తాయి. వాడనప్పుడు ఫంక్షన్ల మొదట్లో ఉండేది ఏ పనీ చేయని నాప్ ఇన్‌స్ట్రక్షన్, భారం దాదాపు సున్నా. ఫిల్టర్ పెట్టకుండా వేల ఫంక్షన్లూ ఒకేసారి ట్రేస్ చేస్తే మాత్రం మెషీన్ నెమ్మదిస్తుంది, అది మన తప్పు. ఇంకో జాగ్రత్త: వందల నానోసెకన్లలో అయిపోయే బుల్లి ఫంక్షన్లని కొలిస్తే వచ్చే అంకెలో ట్రేసింగ్ ఖర్చే ఎక్కువ ఉండొచ్చు, దాన్ని నమ్మకండి. ఎస్‌ట్రేస్ వేరే వస్తువు, అది పీట్రేస్ (ఒక ప్రాసెస్‌ని ఇంకొకటి ఆపి చూసే సౌకర్యం) మీద నడుస్తుంది, ప్రతి సిస్టమ్ కాల్‌కీ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడిగినప్పుడల్లా) ప్రాసెస్‌ని ఆపుతుంది. బిజీ డేటాబేస్ మీద దాన్ని వదలొద్దు.

అపోహ: నాకు కావాల్సిన ఫంక్షన్ ఎఫ్‌ట్రేస్ లిస్ట్‌లో లేదు, కెర్నెల్ పాడైంది.

పాడవలేదు. కంపైలర్ దాన్ని ఇన్‌లైన్ చేసి (పిలిచే ఫంక్షన్‌లోనే కలిపేసి) ఉంటుంది, లేదా అది నోట్రేస్ (ట్రేస్ చేయొద్దని గుర్తు పెట్టిన) ఫంక్షన్. దాన్ని పిలిచే పై ఫంక్షన్‌ని పట్టుకోండి.

జయపురం తమ్ముడికి కూడా ఇదే చెప్పాను. కంగారుపడి కొటేషన్ మీద సంతకం పెట్టకు, స్లీప్-టైమ్ 1తో ఒక ట్రేస్, 0తో ఒక ట్రేస్, ఒక పది నిమిషాల ఆఫ్‌సీపీయూటైమ్ తీసి పంపు, ఎంత రాత్రయినా చూస్తాను అన్నాను. ట్రేస్‌లు రెండూ వచ్చాయి, మూడోది తీస్తున్నాడు.