ఫర్నెస్ పొగ వదులుతోందంటే

చిరంజీవులు బుజ్జమ్మకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మీ నాన్న "ఫర్నెస్ పొగ వదులుతోంది నాన్నా, పాతదైపోయింది, మార్చేద్దామనుకుంటున్నాం" అంటుంటే, మీరిద్దరూ వెనక ముక్కులు మూసుకుని గెంతుతున్నారు. ఫర్నెస్ అంటే బేస్‌మెంట్లో ఆయిల్ కాల్చి, ఇంటికంతా వెచ్చటి గాలి పంపే పెట్టె కదా. కొత్తది అంటే వేల డాలర్ల మాట. పొగ ఎందుకు వస్తోందో తెలుసుకోకుండా ఆ పెట్టెనే మార్చేస్తే, రెండేళ్లలో కొత్తది కూడా అదే పొగ వదలొచ్చు. రిటైరయ్యేదాకా కనెటికట్ భవనాల బేస్‌మెంట్లలో ఆయిల్ మండించే ఈ బర్నర్ల మధ్యే తిరిగినవాణ్ని కనుక నాకు తెలిసింది రాస్తున్నా. మీరు మనబడి క్లాసుల్లో నేర్చుకున్న తెలుగుకి అందని మాట ఏదైనా ఉంటే అమ్మనడగండి.

అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. గదుల్లోకి వెచ్చటి గాలి వచ్చే జాలీల్లోంచి పొగ వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, ఏమీ వెతక్కుండా అందర్నీ పిలుచుకుని బయటికి వెళ్లిపోండి. అత్యవసర సాయానికి 911కి ఫోన్ బయట నుంచే చేయాలి. బేస్‌మెంట్ మెట్ల పైన ఎర్ర ప్లేటుతో ఒక స్విచ్ ఉంటుంది, అది బర్నర్‌ని ఆపేస్తుంది. దారిలో ఉంటే నొక్కండి, లేకపోతే దానికోసం ఆగొద్దు. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు, రంగూ ఉండదు. 2005 జనవరిలో మీ మాసచూసెట్స్‌లోనే ప్లిమత్ ఊళ్లో ఒక ఇంటి హీటింగ్ గొట్టాన్ని మంచు కప్పేసింది. లోపల నిండిన ఆ గ్యాస్‌కి ఏడేళ్ల పాప చనిపోయింది. ఆ పాప పేరు మీదే వచ్చిన నికోల్ చట్టం వల్ల 2006 నుంచి అక్కడి ఇళ్లలో ఆ అలారం తప్పనిసరి అయింది. మీ ఇంట్లో అది పనిచేస్తోందో లేదో ఈ శనివారమే బటన్ నొక్కి చూడండి.

ఇక పొగ సంగతి. నా చిన్నప్పుడు కరెంటు పోతే లాంతరు వెలిగించేవాళ్లం. వత్తి ఎక్కువ పైకి తిప్పితే మంట ఎర్రబడి, గాజంతా నల్లగా మసిపట్టేది. ఆ వత్తికి కిరసనాయిలు తక్కువై కాదు, అందిన కిరసనాయిలుకి సరిపడా గాలి లేక. గాజు తీసేస్తే ఇంకా ఎక్కువ పొగ. ఎందుకంటే కింద నుంచి గాలిని పైకి లాగేది ఆ గాజే. మీ ఫర్నెస్ కథ కూడా సరిగ్గా ఇదే: ఆయిల్, గాలి, గాలిని లాగే గొట్టం. నల్ల పొగ వస్తోందంటే ఆయిల్‌కి తగ్గ గాలి అందడం లేదన్నమాట. కాబట్టి వెతకాల్సింది గాలి ఎక్కడ ఆగిపోయిందో.

ఎంత గాలి కావాలో తెలుసా? ఒక గ్యాలన్ ఆయిల్ పూర్తిగా కాలాలంటే లెక్క ప్రకారం దాదాపు 1,400 ఘనపుటడుగుల గాలి కావాలి. మీ చిన్నోడి గదిలో ఉన్న గాలంతా దాదాపు అంతే. నిజానికి ఇంకాస్త ఎక్కువే ఇవ్వాలి, ఎందుకంటే ప్రతి ఆయిల్ చుక్కా గాలితో పూర్తిగా కలవదు.

ఆ చుక్కల్ని చేసేది నాజిల్. బొటనవేలి చివరంత ఇత్తడి ముక్క. పంపు ఆయిల్‌ని పాత బర్నర్లలో 100, కొత్తవాటిలో 140 లేదా 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు) ఒత్తిడితో దాని మీదకి తోస్తుంది. లోపల సన్నటి గాడుల్లో ఆయిల్ గిర్రున తిరిగి, కంటికి ఆనీ ఆనని రంధ్రం గుండా మంచులా చిమ్ముతుంది. దాని మీద 0.85, 80° లాంటి అంకెలు చెక్కి ఉంటాయి: 100 పీఎస్ఐ దగ్గర గంటకి ఎన్ని గ్యాలన్లు, ఎంత కోణంలో చిమ్ముతుంది అని. ఒకసారి టెక్నీషియన్ వచ్చినప్పుడు పాత నాజిల్ అడిగి తీసుకుని భూతద్దం కింద చూడండి. ఆ రంధ్రం అంచున చిన్న తారు ముద్ద అంటుకుంటే చాలు, చిమ్మడం ఒక పక్కకి వంగిపోయి, చుక్కలు లావై, సగం కాలి మసైపోతాయి. నాజిల్‌ని పిన్నుతో గుచ్చి శుభ్రం చేసేవాళ్లుంటారు, అది పనికిరాని పని. ఏడాదికోసారి కొత్తది వేయాలి, దాంతోపాటు ఆయిల్ ఫిల్టర్ కూడా.

కానీ నేను చూసిన పొగ ఫర్నెస్‌లలో నాజిల్ కంటే ముందు అనుమానించాల్సింది దుమ్ము. బర్నర్‌కి గాలి ఊదే చిన్న ఫ్యాన్ చక్రం ఒకటుంటుంది, చుట్టూ సన్నటి రెక్కలతో. మీ బేస్‌మెంట్లో బట్టల డ్రయ్యర్ ఫర్నెస్ పక్కనే ఉంది కదా. దాన్నుంచి వచ్చే నూగు, మీ కుక్క బొచ్చు కలిసి ఆ రెక్కల మధ్య పేరుకుపోతాయి. గాలి లోపలికి వచ్చే మూత, అంటే గాలి షటర్, ఎంత తెరిచి ఉండాలో అంతే తెరిచి ఉంటుంది, మోటారు అదే శబ్దంతో తిరుగుతుంది, గాలి మాత్రం సగం అందుతుంది. పైనుంచి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. అందుకే సెట్టింగులు తిప్పేముందు ఆ చక్రం విప్పి తోమించమని నాన్నకి చెప్పండి. మీరు చేయగలిగింది, డ్రయ్యర్ గొట్టం ఊడిపోయి లోపలికే ఊదుతోందేమో చూడటం.

పొగ ఎప్పుడు వస్తోందో మీరు చూసి పెడితే టెక్నీషియన్‌కి సగం పని తగ్గుతుంది. మండటం మొదలయ్యే క్షణంలో డబ్ మని శబ్దంతో వస్తే, ఆయిల్ చిమ్మాక నిప్పు ఆలస్యంగా అంటుకుంటోందని. నిప్పు రవ్వలు ఇచ్చే రెండు కడ్డీలు, ఎలక్ట్రోడ్లంటారు, వాటి మధ్య 10,000 వోల్టులు దూకుతాయి. అవి పక్కకి జరిగినా, మసిపట్టినా ఇలా అవుతుంది. వాటి జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. మండుతున్నంతసేపూ పొగ వస్తుంటే గాలి తక్కువైందని. ఆగిపోయాక వాసన, కొద్దిగా పొగ వస్తే, ఆయిల్ పైపులో గాలి బుడగలు చేరి, పంపు ఆగినా నాజిల్ బొట్లు బొట్లుగా కారుతోందని. బయటికెళ్లి చిమ్నీ వైపు కూడా చూడండి. చలి పొద్దున తెల్లగా లేచి నాలుగడుగుల్లో మాయమైతే అది ఆవిరే, భయం లేదు. మాయమవకుండా తేలుతూ, ముక్కుకి ఘాటుగా తగిలే తెలుపు మాత్రం కాలని ఆయిల్.

మసిలో ఇంకో చిక్కుంది. వేడి గాలికి దారిచ్చే సందుల్లో మసి పేరుకుంటే దారి ఇరుకవుతుంది. దారి ఇరుకైతే చిమ్నీ గాలిని పైకి లాగే లాగుడు తగ్గుతుంది. లాగుడు తగ్గితే ఇంకా మసి. ఎవరో వచ్చి గాలి షటర్ కాస్త తిప్పి "అయిపోయింది సార్" అని వెళ్లిపోతే నమ్మొద్దు. లోపలి మసి వాక్యూమ్‌తో తీసి, చిమ్నీ అడుగున రాలిన మసి, ఇటుక ముక్కలు, పక్షి గూడు ఏమైనా ఉంటే ఎత్తిపోసి, ఆ తర్వాతే సెట్ చేయాలి. పొగగొట్టానికి ఊగే రేకు తలుపు ఒకటుంటుంది. అది లాగుడుని అదుపులో ఉంచుతుంది. తుప్పుపట్టి కదలకుండా ఉందేమో దూరం నుంచి చూడండి, ముట్టుకోకండి, కాలుతుంది.

ఇప్పుడు మీ అమ్మకి కోపం రాకుండా ఒక మాట చెప్పాలి. పోయినేడు వంటింట్లో పెద్ద హుడ్ పెట్టించారు కదా, తాలింపు ఘాటుకి ఫైర్ అలారం మోగుతోందని. అలాంటి హుడ్ నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి బయటికి తోయగలదు. మీ బర్నర్‌కి కావాల్సింది నిమిషానికి ఓ 30. జనవరిలో తలుపులూ కిటికీలూ బిగించి, పైన హుడ్, బాత్రూం ఫ్యాన్, కింద డ్రయ్యర్ ఒకేసారి వేస్తే, ఇల్లు గాలి కోసం ఎక్కడ సందు దొరికితే అక్కడ లాగుతుంది. అన్నిటికంటే పెద్ద సందు చిమ్నీయే. పైకి పోవాల్సిన పొగ కిందికి దిగుతుంది. పులిహోర తాలింపు వేసే వేళకే బేస్‌మెంట్లో వాసన వస్తోందా? ఒక ఆదివారం హుడ్ ఆపేసి, ఇంకోసారి కిటికీ రెండంగుళాలు తెరిచి, తేడా గమనించండి. అమెరికా ఇళ్ల కోడ్‌లో, ఇలాంటి ఫర్నెస్ ఉన్నచోట నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటిన హుడ్ పెడితే బయటి గాలి లోపలికి వచ్చే దారి కూడా పెట్టాలని ఉంది. పాత ఇంట్లో కొత్త హుడ్ బిగించినప్పుడు ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నా అనుమానం చాలావరకు దీని మీదే.

ఫర్నెస్ మీద ఎర్ర రీసెట్ బటన్ ఉంటుంది. మంట కనిపించకపోతే బర్నర్‌ని ఆపేసే కాపలాదారు దాని వెనకే ఉన్నాడు. కాంతి పడితే కరెంటుకి దారిచ్చే కాడ్మియం సల్ఫైడ్ కన్ను అది. అది ఆపిందంటే ఏదో కారణం ఉంది. వేడి రావడం లేదని నాన్న టెన్షన్‌తో ఆ బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతుంటే ఆపండి. పాత కంట్రోళ్లలో ఒక్కో నొక్కుకి 45 సెకన్లు ఆయిల్ చిమ్ముతుంది, అంటే కాలని ఆయిల్ 40 మిల్లీలీటర్లు లోపల చేరుతుంది. అలా నాలుగైదుసార్లు చేరాక నిప్పంటుకుంటే ఒక్కసారిగా భగ్గుమని, ఇంటినిండా మసి చల్లుతుంది. దాన్ని పఫ్‌బ్యాక్ అంటారు. కర్టెన్లు, పుస్తకాలు, బీరువాలో పట్టు చీరలు ఏవీ వదలదు. ఒక్కసారి నొక్కొచ్చు, మళ్లీ ఆగితే ఫోన్ చేయాలి, అంతే.

ట్యాంకు కూడా చూడండి. లారీవాడు వచ్చి ఆయిల్ నింపిన వెంటనే పొగ మొదలైతే, అడుగున ఉన్న బురద కలిసి ఫిల్టర్‌లోకి వచ్చిందేమో. మీ ట్యాంకు బేస్‌మెంట్లోనే ఉంది కాబట్టి చలికి ఆయిల్ చిక్కబడే బాధ లేదు. మెయిన్‌లో రాష్ట్రంలో బయట ట్యాంకులున్నవాళ్లు అందుకే చలికాలంలో కిరసనాయిలు కలుపుకుంటారు. ఇంకో మంచి సంగతి, 2018 జులై నుంచి మీ రాష్ట్రంలో హీటింగ్ ఆయిల్‌లో సల్ఫర్ 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) లోపే ఉండాలి. నా రోజుల్లో ఉన్నదాంతో పోలిస్తే ఇది స్వచ్ఛం, లోపల పేరుకునే పొలుసు చాలా తగ్గింది. కాబట్టి ఇప్పటి ఫర్నెస్ పొగ వదిలితే ఆయిల్‌ని తిట్టకండి.

టెక్నీషియన్ వచ్చే రోజు స్కూలు లేకపోతే దగ్గరుండి చూడండి. ముందు బర్నర్‌ని బాగా వేడెక్కనిస్తాడు. పొగగొట్టంలో చిన్న కన్నం నుంచి చేతి పంపుతో పదిసార్లు పొగ లాగుతాడు, అది తెల్ల కాగితం మీద మచ్చ వేస్తుంది. ఆ మచ్చని 0 నుంచి 9 దాకా ఉన్న కార్డుతో పోలుస్తాడు. సున్నాగానీ, ఉందా లేదా అనిపించేంత మచ్చగానీ రావాలి. గాలి విపరీతంగా పెంచి సున్నా తెచ్చినా తప్పే, వేడంతా చిమ్నీలోంచి పోతుంది. అందుకే కార్బన్ డయాక్సైడ్ శాతం, లాగుడు, పొగ వేడి కూడా కొలవాలి. ఇవేవీ కొలవకుండా మంట రంగు చూసి సెట్ చేసేవాణ్ని మళ్లీ పిలవొద్దని నాన్నకి చెప్పండి. ఆ కాగితం ముక్కా, అతను రాసిచ్చిన అంకెలూ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపండి. కొత్త ఫర్నెస్ సంగతి అవి చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య