కారు కింది గాలి ఎక్కడికి పోతుంది?

వానాకాలంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు తిరిగి వచ్చిన హ్యాచ్‌బ్యాక్ కారును ఇంటి ముందు నిలిపి, ఒకసారి దాని చుట్టూ తిరిగి చూడండి. ముందు అద్దం వైపరు తుడిచినంత మేర శుభ్రంగా ఉంటుంది, పైకప్పు మీద నీటి చారలే కనిపిస్తాయి, వెనుక తలుపు మాత్రం నంబరు ప్లేటు నుంచి అద్దం దాకా సన్నని బురద పూత పట్టి ఉంటుంది. చక్రాలు చిమ్మిన బురద వెనక్కి పోవాలి గాని, ముందుకు పరుగెడుతున్న కారునే వెంబడించి ఎందుకు అంటుకుంది? కారు తోసుకుంటూ పోయిన చోటును నింపడానికి చుట్టూ ఉన్న గాలి వెంటనే చేరుకోలేదు. అందువల్ల కారు వీపు వెనుక పీడనం తగ్గిన గుంట ఒకటి ఏర్పడుతుంది. అందులో గాలి సుడులు తిరుగుతూ, రోడ్డు నుంచి లేచిన తుంపరను పైకెత్తి తలుపు మీద పూస్తుంది. హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి వెనుక వైపరు ఉండడానికీ, డిక్కీ పొడుగ్గా ఉన్న సెడాన్లకు చాలావరకు అది లేకపోవడానికీ కారణం ఇదే. ఆ గుంట బురద పూసి ఊరుకోదు, కారును వెనక్కి లాగుతుంది కూడా. గాలి వల్ల కారుకు కలిగే నిరోధంలో పెద్ద వాటా ముందు వైపు నుంచి కాక ఈ వెనుక వైపు నుంచే వస్తుంది.

కారు వెనుక బంపరు కింద రెక్కల వరుసలా కనిపించే డిఫ్యూజర్ అనే భాగం పుట్టింది ఈ వెనుక గాలి వ్యవహారాన్ని చక్కబెట్టడానికే. మా మేనల్లుడు నిరుడు కూకట్‌పల్లిలో ఒక కార్ డెకార్ దుకాణంలో తన హ్యాచ్‌బ్యాక్‌కు అలాంటిదొకటి బిగించుకుని వచ్చాడు. నల్లటి ప్లాస్టిక్ పలక, దాని మీద కార్బన్ ఫైబర్ అల్లికను అచ్చేసిన స్టిక్కరు, కిందికి వేలాడే నాలుగు నిలువు రెక్కలు, రెండు వైపులా అంటుకునే టేపు, ఆరు స్క్రూలు. "హైవే మీద బండి ఇక రోడ్డును పట్టుకునే ఉంటుందట మామయ్యా" అన్నాడు. చూడడానికి బాగానే ఉందని నేనూ ఒప్పుకున్నాను. రోడ్డును పట్టుకోవడం అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

డిఫ్యూజర్ గాలిని వేగంగా బయటికి తోస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసే పని సరిగ్గా దానికి ఎదురు: గాలిని నెమ్మదింపజేస్తుంది. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి రేసు కార్ల దాకా పోనక్కరలేదు, నాగార్జునసాగర్ దాకా పోతే చాలు. అక్కడి జలవిద్యుత్ కేంద్రంలో టర్బైను చక్రాన్ని తిప్పిన నీరు నేరుగా నదిలో పడదు. డ్రాఫ్ట్ ట్యూబ్ అనే, పోనుపోను వెడల్పయ్యే గొట్టంలో దిగి, వేగాన్ని కొంచెం కొంచెంగా కోల్పోతూ బయటికి వస్తుంది. గొట్టం చివర ఉండే పీడనాన్ని నది నీటిమట్టం నిర్ణయిస్తుంది కాబట్టి అది మన చేతిలో లేదు. నీరు నెమ్మదించేకొద్దీ పీడనం పెరుగుతూ చివరికి ఆ స్థాయిని అందుకోవాలంటే, గొట్టం మొదట్లో, అంటే టర్బైను చక్రానికి సరిగ్గా కింద, పీడనం అంతకంటే తక్కువగా ఉండి తీరాలి. ఆ తక్కువ పీడనమే పై నీటిని మరింత గట్టిగా కిందికి లాగుతుంది. డ్రాఫ్ట్ ట్యూబును తీసేస్తే టర్బైను తిరుగుతుంది గాని, రాగలిగిన విద్యుత్తులో కొంత నీటితోనే కొట్టుకుపోతుంది.

కారు కింద జరిగేదీ ఇదే, నీటికి బదులు గాలి, నిలువుకు బదులు అడ్డం. ముందు బంపరు కింద దూరిన గాలి, రోడ్డుకూ కారు అడుగుకూ మధ్య ఇరుకులో పడి వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని స్విస్ గణితవేత్త డేనియల్ బెర్నౌలీ 1738లోనే రాసి పెట్టాడు. వెనుక చక్రాల దగ్గర నుంచి అడుగు భాగాన్ని ఏటవాలుగా పైకి లేపితే ఆ ఇరుకు క్రమంగా వెడల్పవుతుంది, గాలి నెమ్మదిస్తుంది, పీడనం పెరుగుతూ వచ్చి కారు వెనుక ఉన్న పీడనంతో కలుస్తుంది. లెక్కను ఇక్కడ వెనుక నుంచి ముందుకు చదవాలి. చివర ఉన్న పీడనం దాదాపు స్థిరం కాబట్టి, వెడల్పు ఎంత పెరిగితే ముందున్న ఇరుకులో పీడనం అంత పడిపోతుంది. పైకప్పు మీది గాలికీ అడుగు కింది గాలికీ మధ్య ఆ తేడాయే కారును రోడ్డుకు నొక్కుతుంది. అంటే నొక్కుడు పుట్టేది ప్రధానంగా వాలు మొదలయ్యే చోటా, దానికి ముందున్న నున్నటి అడుగు కిందా. బంపరు అంచున వేలాడే రెక్కలు ఆ కథలో చివరి వాక్యం మాత్రమే.

ఎక్కువ వాలు ఇస్తే ఎక్కువ లాభమేనా అంటే, కాదు. తక్కువ పీడనం నుంచి ఎక్కువ పీడనం వైపు పోవడమంటే గాలికి ఎత్తెక్కడం లాంటిది. ఉపరితలాన్ని అంటిపెట్టుకుని రాపిడితో అలసిన పలుచటి గాలి పొర ఆ ఎత్తు ఎక్కలేక మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, సుడులుగా విడిపోతుంది. అప్పుడు గొట్టం పేరుకే వెడల్పు, గాలికి మాత్రం ఇరుకు. డ్రాఫ్ట్ ట్యూబు శంకువు కోణం 8 డిగ్రీలు దాటకూడదని ఇంజినీరింగు విద్యార్థులు బట్టీ పట్టడం వెనుక ఉన్న సంగతి ఇదే, మామూలు కార్ల డిఫ్యూజర్లకు కూడా పది డిగ్రీల లోపు వాలే క్షేమం. నిలువు రెక్కలకు అసలు పని ఇక్కడ ఉంది. తిరిగే చక్రాల నుంచి పక్కకు చిమ్మే గజిబిజి గాలి మధ్యలోకి చొరబడకుండా అవి అడ్డుగోడల్లా నిలబడతాయి. నున్నటి అడుగు, సరైన వాలు లేకుండా రెక్కలు మాత్రమే ఉంటే, అవి కాపలా కాయడానికి లోపల ఏమీ ఉండదు.

ఈ సూత్రంతో రేసు కార్లు ఎంత దూరం పోయాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1977లో వచ్చిన లోటస్ 78, మరుసటి ఏడాది వచ్చిన లోటస్ 79 కార్లు తమ పక్క భాగాల అడుగును తిరగేసిన విమానపు రెక్కల్లా మలచి, పక్కల నుంచి గాలి దూరకుండా రోడ్డును తాకే తెరలు దించాయి. 1978లో మారియో ఆండ్రెట్టి ఆ కార్లతోనే ప్రపంచ విజేత అయ్యాడు. మలుపుల్లో వేగాలు ప్రమాదకరంగా పెరిగిపోవడంతో 1983 నుంచి ఫార్ములా వన్ కార్ల అడుగు చదునుగా ఉండాలన్న నిబంధన వచ్చింది. అడుగు చదును చేయమన్నాక ఇంజినీర్లకు మిగిలింది వెనుక డిఫ్యూజరే, దాంట్లోనే ఉన్న బుద్ధినంతా పెట్టారు. 2009లో నిబంధనల సందులోంచి రెండంతస్తుల డిఫ్యూజర్‌ను దూర్చిన కార్లలో ఒకటైన బ్రాన్ కారుతో జెన్సన్ బటన్ టైటిల్ గెలిచాడు. ఇంకా ముచ్చటైనది రేసు కార్ల రూపకర్త గోర్డన్ మర్రే సంగతి. 1978లో స్వీడన్ రేసులో నికీ లాడా గెలిచిన బ్రాభమ్ కారు వెనుక, అడుగు కింది గాలిని పీల్చే పెద్ద ఫ్యానును ఆయన బిగించాడు, ఆ కారు మళ్లీ ఏ రేసులోనూ పాల్గొనలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత, 2020లో, రోడ్డు మీద నడిచే తన టీ.50 కారుకు 400 మిల్లీమీటర్ల ఫ్యాను పెట్టాడు. నిటారు వాలున్న డిఫ్యూజర్‌లో ఆ అలసిన గాలి పొరను పీల్చేసి, ప్రవాహం విడిపోకుండా చూడడం దాని పనుల్లో ఒకటి. వాలు పెంచడం ఎంత కష్టమో ఆ ఫ్యాను ఖర్చే చెబుతుంది.

మన ఊరికి వద్దాం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు చూసినవారికి గుర్తుండే ఉంటుంది, ఆ కార్ల అడుగు నేలను రాసుకుంటున్నట్టే ఉండేది. మనం రోజూ నడిపే కారు అడుగు నేలకు 170 నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇరుకే లేని చోట గాలికి వేగం ఎక్కడిది? పైగా ఆ అడుగు నున్నగా ఉండదు. జాకీ మీద ఎత్తినప్పుడు వంగి చూస్తే పైపు, సైలెన్సరు, పెట్రోలు ట్యాంకు, వెనుక యాక్సిలు, స్టెప్నీ గుంట వరసగా కనిపిస్తాయి. ఆ వస్తువులన్నిటినీ తగులుకుంటూ వచ్చిన గాలి, చివర నాలుగు రెక్కలు కనిపించగానే బుద్ధిగా వరుస కట్టదు.

దీన్ని కళ్లతో చూడడానికి ఒక ఆదివారం తెల్లవారుజామున మేనల్లుడూ నేనూ చిన్న ప్రయోగం చేశాం. స్వెటర్లు అల్లే తెల్లటి ఊలును వేలెడు పొడవు ముక్కలుగా కత్తిరించి, డిఫ్యూజర్ పలక మీదా, దాని ముందున్న బంపరు అడుగు మీదా మూడు వరుసలుగా టేపుతో అతికించాం. వెనుక టో హుక్కుకు చిన్న కెమెరా బిగించాం (కెమెరా కూడా గాలిని కొంత చెదరగొడుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి). ఔటర్ మీద 80 కిలోమీటర్ల వేగంతో శంషాబాద్ వైపు పోయి వచ్చి, వీడియో చూశాం. గాలి ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పోతూ ఉంటే ఊలుపోగులు వెనక్కి వాలి, సన్నగా వణుకుతూ పడుకుని ఉండాలి. మా పోగులు గిరగిర తిరిగాయి. కొన్నయితే కారు పోతున్న దిక్కుకే, అంటే ముందుకే, వాలి నిలబడ్డాయి. గాలి అక్కడ వెనక్కి పోవడం లేదు, వెనుక గుంటలోంచి తిరిగి ముందుకు వస్తోంది. మొదట చెప్పిన బురద కథే ఇది, ఈసారి ఊలుతో.

గాలి చక్కగా అంటుకుని పోయినా ఎంత ఒరుగుతుందో కూడా లెక్క వేసి చూడవచ్చు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఎండ వేళ ఇక్కడ ఘనపు మీటరు గాలి సుమారు 1.1 కిలోల బరువుంటుంది. కారు ముందు వైశాల్యం 2 చదరపు మీటర్లనీ, డిఫ్యూజర్ వల్ల కారును పైకెత్తే గుణకం (గాలి కారును ఎంత బలంగా పైకి లేపుతుందో చెప్పే అంకె) 0.05 మేర తగ్గిందనీ ఉదారంగా అనుకుందాం. అప్పుడు అమీర్‌పేట రద్దీలో అదృష్టం బాగుండి 40 కిలోమీటర్ల వేగం అందుకుంటే, ఆ నొక్కుడు 700 గ్రాముల బరువుకు సమానం. ఔటర్ మీద 120 కిలోమీటర్ల వద్ద, వేగం మూడింతలు కాబట్టి బలం తొమ్మిదింతలై, ఆరు కిలోలు దాటుతుంది. ఇంటికి తెప్పించుకునే నీళ్ల క్యాను ఇరవై కిలోలు. దాన్ని డిక్కీలో పెట్టుకుంటే మూడింతలు ఎక్కువ నొక్కుడు, అదీ సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు కూడా. నొక్కుడుకు మాత్రమే ఈ పోలిక, బరువు పెరిగితే బ్రేకుకూ మలుపుకూ జరిగే నష్టం వేరు.

మైలేజీ సంగతీ అంతే. 40 కిలోమీటర్ల వేగంలో ఇలాంటి కారు గాలిని తోసుకుపోవడానికి ఖర్చయ్యే శక్తి అర కిలోవాటులోపే, వంటింటి మిక్సీకి కావలసినంత కూడా కాదు. ఆ వేగంలో టైర్ల రాపిడే పెద్ద ఖర్చు. 70 కిలోమీటర్లు దాటాకే గాలి వాటా టైర్ల వాటాను మించుతుంది. జర్మనీ రహదారుల వంటి చోట లెక్క మారిపోతుంది. 1990ల చివర వచ్చిన మొదటి తరం ఆడీ టీటీ కారు గంటకు 180 కిలోమీటర్లు దాటిన వేగాలలో వెనుక భాగం తేలికై అదుపు తప్పిన ప్రమాదాలు జరిగినందువల్ల, అమ్మిన కార్లను వెనక్కి పిలిపించి మరీ వాటికి వెనుక స్పాయిలర్ (గాలిని మళ్లించే చిన్న రెక్క) బిగించారు. అక్కడ అది అలంకారం కాదు.

మన రోడ్లకు సంబంధించి ఇంకో చిక్కు స్పీడు బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. కాలనీల్లో పోయించుకునేవి ఆ వెడల్పులో నాలుగో వంతు కూడా ఉండవు, ఎత్తు విషయంలో మాత్రం పిసినారితనం చూపరు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండాక కారు వెనుక భాగం కుంగి, కిందికి వేలాడే రెక్కలు దిమ్మ దిగేటప్పుడు గీసుకుంటాయి. ఇక పలకను ఇరికించడానికి బంపరు వెనుకనున్న ఇనుప దూలాన్ని కోయడానికి ఎవరైనా సిద్ధపడితే వద్దనే అంటాను. వెనుక నుంచి బండి గుద్దితే ఆ దెబ్బను మింగేది అదే. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను కూడా తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడాన్ని ఒప్పుకోదు.

నిజంగా పనికొచ్చేది ఏదంటే, కంటికి కనపడనిది. చాలా కార్ల వెనుక బంపరు లోపల డొల్లగా ఉండి, కింది నుంచి వచ్చే గాలిని గొడుగులా పట్టి ఆపుతుంది. ఆ డొల్లను, దాని ముందున్న స్టెప్నీ గుంట అంచును కలుపుతూ ఒక నున్నటి పలక బిగిస్తే గాలికి కనీసం దారి దొరుకుతుంది. సైలెన్సరు వేడికి చోటు వదలాలి, సర్వీసుకు ఊడదీసేలా ఉండాలి, వాన నీరు నిలవకుండా రంధ్రాలు పెట్టాలి. బ్యాటరీని అడుగున పరిచిన విద్యుత్ కార్లకు ఈ నున్నదనంలో పెద్ద భాగం పుట్టుకతోనే వస్తుంది, అందుకే వాటి వెనుక ఉండే చిన్నపాటి వాలు కూడా వృథా పోదు.

మేనల్లుడి నాలుగు రెక్కల్లో రెండు మూడో నెలలో వాళ్ల కాలనీ గేటు దగ్గరి దిమ్మకు అర్పణమయ్యాయి. మిగిలిన రెండింటినీ తనే కోసేసి, ఆ పలకకు ముందు వైపున, వెనుక యాక్సిలు దాకా అల్యూమినియం రేకు బిగించాడు. పాత ఊలు ఇంకా మిగిలి ఉంటే మళ్లీ అతికించి ఔటర్ మీదికి పోయాం. ముందటి రెండు వరుసల పోగులు ఈసారి వెనక్కి వాలి పడుకున్నాయి. చివరి వరుసలో సైలెన్సరు పక్కనున్నవి మాత్రం ఇంకా గిరగిర తిరుగుతూనే ఉన్నాయి.