మాస్టర్‌లో మార్చితే అన్ని పేజీల్లో మారినట్టేనా? డీటీపీలో అపోహలు - వాస్తవాలు

కడపలో మా సెంటర్‌కు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కూర్చే పని, నేర్చుకోవడానికి వచ్చే పిల్లల నోటా, వేరే చోట సెట్టింగ్ చేయించిన పుస్తకం పట్టుకుని కంగారుగా వచ్చే రచయితల నోటా ఒకటే మాట వింటుంటాను. "మాస్టర్‌లో మార్చినాం గదన్నా, అన్ని పేజీల్లో అదే మారుంటాది." ఈ ఒక్క నమ్మకం వల్ల వృథా అయినంత కాగితం మా పనిలో ఇంకే పొరపాటు వల్లా కావడం నేను చూడలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. మాస్టర్ అంటే పేజీ పైన వచ్చే హెడ్డింగ్, పేజీ నంబరు లాంటి, చాలా పేజీల్లో రావాల్సిన ఐటమ్స్‌ను ఒక్కసారే పెట్టుకునే మూస పేజీ.

అపోహ: మాస్టర్ పేజీలో ఏం మార్చినా ప్రతి పేజీకీ చేరుతుంది.

చేరదు. ముందుగా, ఆ మాస్టర్ అప్లై అయి ఉన్న పేజీలకే చేరుతుంది. వాటిలోనూ, పేజీ మీద ఎవరూ చెయ్యి పెట్టని ఐటమ్స్‌కే పూర్తిగా చేరుతుంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో కంట్రోల్, షిఫ్ట్ కలిపి పట్టుకుని మాస్టర్ ఐటమ్ మీద క్లిక్ చేశారంటే ఆ పేజీ వరకు దాన్ని ఓవర్‌రైడ్ చేసినట్టే, అంటే అక్కడికక్కడే మార్చుకునే వీలు తెచ్చుకున్నట్టే. ఆ తర్వాత అక్కడ దేన్ని మార్చారో, దాని విషయంలో మాస్టర్ మాట ఇక చెల్లదు. ఒక బాక్సుకు రంగు మార్చారనుకోండి. రేపు మాస్టర్‌లో రంగు మార్చినా ఈ పేజీలో పాత రంగే ఉంటుంది. కానీ మాస్టర్‌లో ఆ బాక్సు సైజు మార్చితే ఇక్కడా మారుతుంది. సగం మారి సగం మారకపోవడం వల్లే మోసపోయేది. నాలుగు పేజీలు తిరగేసి, బాక్సు పెరిగింది కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకుంటారు. హెడ్డింగ్ అక్షరాలను పేజీ మీదే దిద్ది ఉంటే, అక్కడ పాత అక్షరాలే నిలిచిపోతాయి. డిటాచ్ చేసి ఉంటే, అంటే మాస్టర్‌తో ముడి పూర్తిగా తెంచేసి ఉంటే, అసలు ఏదీ చేరదు.

రిటైరైన టీచరొకరు తన కథల పుస్తకం ఫారాలు (చాలా పేజీలు కలిపి అచ్చేసి మడిచిన పెద్ద కాగితాలు) సంచిలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చారు. సెట్టింగ్, ప్రింటింగ్ రెండూ బయటే జరిగాయి. చివరి నిమిషంలో మిత్రులెవరో చెబితే పుస్తకం పేరు మార్చుకున్నారు. ఆపరేటర్ మాస్టర్‌లో ఎడమ పేజీ హెడ్డింగ్ మార్చేసి ఔట్‌పుట్ ఇచ్చేశాడు. కవర్ మీద కొత్త పేరు, లోపల చాలా పేజీల్లో కొత్త పేరు, కథ మొదలయ్యే ఎడమ పేజీల్లో మాత్రం పాత పేరు! ఆయన ఒక ఫారం మడత విప్పి, పాత పేరు మీద వేలు పెట్టి, "ఇది వైరస్సంట గద నాయనా, కంప్యూటరే మార్చుకునిందంట" అన్నారు. పెన్షన్ డబ్బులతో వేయించుకున్న పుస్తకమది. ఆ మనిషికి వైరస్ అని చెప్పి పంపడం నాకు చాలా కోపం తెప్పించింది. ఏ వైరస్సూ హెడ్డింగ్ మార్చదు. ఫైల్ తెప్పించి తెరిచి చూస్తే విషయం తేలిపోయింది. హెడ్డింగ్ కథ బొమ్మకు తగులుతోందని ఆ పేజీల్లో దాన్ని ఓవర్‌రైడ్ చేసి, అక్షరాలు చిన్నవి చేసి ఉన్నారు. మాస్టర్‌లో కొత్త పేరు పెట్టినా వాటికి అందలేదు. పదహారు పేజీల ఫారంలో ఒక్క పేజీ తప్పున్నా ఫారమంతా మళ్ళీ వేయాల్సిందే. కథలేమో దాదాపు ప్రతి ఫారంలోనూ మొదలవుతున్నాయి!

మన దగ్గర అను ఫాంట్స్ అనే తెలుగు ఫాంట్లతో ఇంకా పేజీ మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లోనే చేసేవాళ్ళున్నారు. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అందులో మాస్టర్ ఐటమ్‌ను పేజీ మీద సెలెక్ట్ చేయడమే కుదరదు. కాబట్టి తెల్ల బాక్సు వేసి దాన్ని కప్పేసి, పైన వేరే హెడ్డింగ్ టైప్ చేస్తారు. లేదంటే వ్యూ మెనూలో డిస్‌ప్లే మాస్టర్ ఐటమ్స్ టిక్ తీసేస్తారు. అప్పుడు ఆ పేజీలో మాస్టర్ నుంచి వచ్చినవన్నీ ఒకేసారి మాయమవుతాయి, పేజీ నంబరుతో సహా. తర్వాత మాస్టర్‌లో ఎన్ని మార్పులు చేసినా తెల్ల బాక్సు కిందే ఉండిపోతాయి.

పట్టుకునే మార్గం తేలికే. ఇన్‌డిజైన్‌లో ప్రివ్యూ నుంచి నార్మల్‌కు రండి, ఫ్రేమ్ ఎడ్జెస్ కనిపించేలా పెట్టుకోండి. మాస్టర్‌తో ముడి ఉన్న ఫ్రేమ్ చుట్టూ చుక్కల గీత ఉంటుంది. ఓవర్‌రైడ్ చేసినదానికి మామూలు గీత ఉంటుంది. పేజీ పైభాగం మీద చూపు నిలిపి చివరిదాకా జరుపుకుంటూ పోతే చుక్కలు లేనివి కనబడిపోతాయి. ఇంకో పని కూడా చేయండి. పాత పేరును ఫైండ్‌లో వేసి వెతకండి. అను ఫాంట్ అయితే పేజీ మీంచి కాపీ చేసి ఆ పెట్టెలో పేస్ట్ చేయండి. ఇంగ్లీషు అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి, పట్టించుకోవద్దు.

దొరికిన పేజీలకు పేజెస్ ప్యానెల్ మెనూలో రిమూవ్ ఆల్ లోకల్ ఓవర్‌రైడ్స్ ఉంది. కానీ దాన్ని గుడ్డిగా నొక్కొద్దు. మాస్టర్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌ను ఓవర్‌రైడ్ చేసి అందులో మేటర్ టైప్ చేసి ఉంటే, ఆ మేటర్ పోయి మాస్టర్‌లో ఉన్నదే వచ్చి కూర్చుంటుంది. సేవ్ యాజ్ చేసి, కాపీ మీద ప్రయత్నించండి. డిటాచ్ చేసినవాటికి ఇది పనిచేయదు, వాటిని చేత్తో తీసేయాల్సిందే.

అపోహ: మాస్టర్ ముట్టుకుంటే మేటరంతా పోతుంది.

ఈ భయంతోనే చాలామంది పిల్లలు రెండు వందల పేజీలకు నంబర్లు చేత్తో కొడతారు. టెన్షన్ పడకండమ్మా. పేజీ మీద మీరు పెట్టిన మేటర్, ఫొటోలు ఆ పేజీవే, మాస్టర్‌వి కావు. ఇన్‌డిజైన్‌లో మాస్టర్‌ను పూర్తిగా డిలీట్ చేసినా దాన్నుంచి వచ్చిన ఐటమ్సే పోతాయి, ఆ పేజీలకు నన్, అంటే ఏ మాస్టరూ లేదని, అప్లై అవుతుంది. కంట్రోల్ జెడ్ ఎలాగూ ఉంది.

మిగతావి, గబగబా.

మాస్టర్‌లో పేజీ నంబరు బదులు ఎ అనో, పేజీ మేకర్‌లో ఎల్ఎం, ఆర్ఎం అనో కనిపిస్తే తప్పేమీ కాదు, పేజీలోకి వెళ్ళి చూడండి. నంబరు కనిపించడం లేదంటే ఫొటో కింద ఉందేమో చూడండి. ఒకే లేయర్‌లో (పొరలో) మాస్టర్ ఐటమ్స్ ఎప్పుడూ పేజీ ఐటమ్స్ వెనకే ఉంటాయి, నంబర్లను పై లేయర్‌లో పెట్టుకుంటే సరి. మాస్టర్‌లో మార్జిన్ మార్చితే, లేఔట్ అడ్జస్ట్‌మెంట్ ఆన్‌లో లేనప్పుడు గైడ్లే (హద్దు గీతలే) జరుగుతాయి, మీరు చేత్తో గీసిన ఫ్రేములు ఉన్నచోటే ఉంటాయి. కొత్త వెర్షన్‌లో మాస్టర్లు తీసేశారన్నది వట్టి పుకారు. ఇన్‌డిజైన్‌లో ఇప్పుడు వాటిని పేరెంట్ పేజెస్ అంటున్నారు, అంతే.

ఫేసింగ్ పేజెస్ (ఎదురెదురుగా ఎడమ, కుడి పేజీలు) ఉన్న పుస్తకంలో మధ్యలో ఒక్క పేజీ చేర్చితే, దాని తర్వాత ఎడమవన్నీ కుడివవుతాయి. హెడ్డింగులు, నంబర్లు మాస్టర్‌ను బట్టి అవే పక్క మారతాయి. చేత్తో పెట్టినవి మారవు. వీలైతే రెండేసి పేజీలు చేర్చండి, లేదంటే చేర్చిన చోటు నుంచి చివరిదాకా బైండింగ్ వైపు మార్జిన్ చూసుకున్నాకే ప్రింటింగ్ ప్లేట్లకు పంపండి.