చక్రానికి పట్టా ఎక్కించే వేళ: సజీవ చరిత్ర గ్రామాల సందర్శనపై అపోహలు – వాస్తవాలు

“ఇక్కడ ఏమీ జరగడం లేదా అండీ?” పాతకాలపు ఇళ్ళను కాపాడి, ఆనాటి పనులను సందర్శకుల ఎదుటే చేసి చూపించే సజీవ చరిత్ర గ్రామమొకదానిలో పదిహేనేళ్ళుగా కొలిమి దగ్గర పనిచేస్తున్న నాకు ఇంతగా బాధ కలిగించే ప్రశ్న మరొకటి లేదు. అడిగినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. టిక్కెట్టు కొనుక్కుని, పిల్లలను వెంటబెట్టుకుని, ఎంతో దూరం నుంచి వచ్చినవారు చల్లారిన కొలిమినీ ఖాళీ మగ్గాన్నీ చూసి వెనుదిరుగుతుంటే, ఎవరైనా ముందే చెప్పి ఉండవలసిందని అనిపిస్తుంది.

అపోహ: ప్రదర్శనలు రోజంతా జరుగుతూనే ఉంటాయి, ఎప్పుడు వెళ్ళినా ఒకటే.

వాస్తవం: సందర్శకులకు అత్యంత నష్టం కలిగించే అపోహ ఇదే. ఇళ్ళు సాయంత్రం దాకా నిలబడి ఉంటాయి గాని, పనులు నిలబడవు. ఇక్కడ చూపించేది నిజమైన పని కాబట్టి, అది గడియారం ప్రకారం కాక తన క్రమం ప్రకారమే మొదలై ముగుస్తుంది. రొట్టెలు కాల్చే ఇటుక పొయ్యినే తీసుకోండి. తెల్లవారగానే దాని కడుపులోనే కట్టెలు పేర్చి మండిస్తారు. మొదట లోపలి కప్పంతా మసిపట్టి నల్లబడుతుంది. వేడి బాగా పట్టిన తరువాత ఆ మసి కూడా కాలిపోయి ఇటుకలు మళ్ళీ తెల్లబారతాయి. ఆ తెలుపును చూసి, నిప్పులు బయటికి లాగి, తడిగుడ్డతో అడుగు తుడిచి రొట్టెలు లోపల పెడతారు. మధ్యాహ్నం వచ్చినవారికి మూసిన తలుపు తప్ప మరేమీ కనిపించదు.

బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే పని ఇంకా అరుదైనది. ఒక్క చక్రం కోసం అంత కట్టెను తగలబెట్టడం దండుగ కనుక, పూర్వం మాదిరిగానే మేమూ నాలుగైదు చక్రాలు సిద్ధమైన రోజునే మంట వేస్తాము. ముందుగా బిళ్ళలాంటి చిన్న చక్రాన్ని పెద్ద చక్రం అంచు వెంబడి దొర్లించి చుట్టుకొలత తీసుకుని, పట్టాను దానికంటే కొద్దిగా చిన్నదిగా చేస్తాము. చుట్టుకొలత 4 మీటర్లున్న పట్టా ఆరేడు వందల డిగ్రీలకు వేడెక్కితే సుమారు 3 సెంటీమీటర్లు సాగుతుంది; ఆ మూడు సెంటీమీటర్ల మీదే మా పనంతా ఆధారపడి ఉంది. ముగ్గురం పట్టకార్లతో దానిని ఎత్తి చక్రం మీద దించగానే కొయ్య భగ్గున మండుతుంది, సుత్తులతో చుట్టూ కొట్టి కూర్చోబెడతాము, వెంటనే నీళ్ళు కుమ్మరిస్తాము. అప్పుడు పట్టా బిగుసుకుంటూ పూటీలను, అంటే చక్రం అంచులోని వంపు కొయ్యలను, దగ్గరకు లాగుతుంటే, చక్రపు ఆకులు (నడిమి నుంచి అంచుకు చేరే కర్రలు) వాటి తొర్రల్లోకి దిగబడుతూ చేసే టకటక చప్పుడు ఆవిరి మధ్య నుంచి వినిపిస్తుంది. పట్టా కాలడానికి గంట పట్టవచ్చు, ఎత్తడం నుంచి నీళ్ళు పోయడం దాకా పట్టేది మాత్రం రెండు మూడు నిమిషాలే.

ఒక రోజు పదకొండు గంటలకు ఆ పని ముగించాము. సాయంత్రం నాలుగింటికి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి మొదటి వాక్యంలోని ప్రశ్నే వేశారు. పన్నెండేళ్ళ వాళ్ళమ్మాయి మాత్రం చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుమూ కొయ్యా కలిసే చోట నల్లగా మాడిన గీతను వేలితో తడిమి, “ఇది కావాలనే కాల్చారా?” అని అడిగింది. జరిగినదంతా ఆ అమ్మాయికి అరగంట పాటు చెప్పాను. ఎంత చెప్పినా ఆ చప్పుడును నేను వినిపించలేకపోయాను. నేను మొదట పనిచేసిన మరొక చోట ద్వారం దగ్గరి బోర్డు మీద “ప్రదర్శనలు రోజంతా” అని రాసి ఉండేది. మార్చమని మూడుసార్లు అడిగినా మార్చలేదు. ఆ రెండు మాటల వల్ల ఎందరు వట్టి చేతులతో వెళ్ళిపోయారో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

కాబట్టి బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి, రేపు ఏ పని మొదలవుతుందో, ఏది ముగుస్తుందో అడగండి. తలుపులు తెరిచే వేళకే చేరుకోండి. ఇరవై ఇళ్ళలోకి తొంగిచూడడం కంటే, రెండు పనులను ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూడండి. కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 13వ శతాబ్దపు పద్ధతుల్లో 1997 నుంచి కోటను కడుతున్న ఫ్రాన్స్‌లోని గెడెలాన్‌ను చలికాలంలో మూసివేస్తారు; మంచు కురిసే వేళ సున్నపు అడుసు సరిగా గట్టిపడదన్నది తాపీపని తెలిసిన ఎవరైనా చెబుతారు.

అపోహ: ఈ ఇళ్ళన్నీ మొదటి నుంచీ ఇక్కడే ఉన్నాయి.

వాస్తవం: కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. ఆర్థర్ హాజెలియస్ 1891లో స్టాక్‌హోమ్‌లో ప్రారంభించిన ఆరుబయలు ప్రదర్శనశాల స్కాన్సెన్‌లోని ఇళ్ళను స్వీడన్ నలుమూలల నుంచి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. అమెరికాలోని చారిత్రక పట్టణం విలియమ్స్‌బర్గ్‌లో అసలు ఇళ్ళు చాలానే ఉన్నా, 1781లో కాలిపోయిన గవర్నరు భవనాన్ని మాత్రం పునాదులు తవ్వి చూసి 1930లలో తిరిగి కట్టారు. ఇవి తెలిసి “అంతా నకిలీ” అని ప్రచారం చేసేవారితో నాకు ఓపిక లేదు. ఈ ఇల్లు ఇక్కడిదా, తెచ్చినదా, తిరిగి కట్టినదా అని మమ్మల్నే అడగండి. దాచవలసినది మాకేమీ లేదు.

అపోహ: పాతకాలపు దుస్తుల్లో ఉన్నవారందరూ నటులే.

వాస్తవం: కొందరు ఆ కాలపు మనిషిగానే మాట్లాడతారు, చాలామంది మీలాగే ఈ కాలం మనుషులుగా వివరిస్తారు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ప్లిమత్ పటక్సెట్ అనే సజీవ చరిత్ర ప్రదర్శనశాలలో ఈ రెండూ ఉన్నాయి. ఆంగ్లేయుల పల్లెలో 17వ శతాబ్దపు పాత్రలు పలకరిస్తాయి. వాంపనోగ్ల నివాసంలో ఉండే మూలవాసులు మాత్రం ఏ పాత్రా ధరించరు, తమ ప్రజల గురించి తామే నేటి మాటల్లో చెబుతారు. వారిని వేషధారులుగా భావించి ఆటపట్టించడం అవమానించడమే.

అపోహ: ఎర్రగా లేని ఇనుము చల్లారినట్టే.

వాస్తవం: కాదు. పగటి వెలుతురులో మామూలు నల్ల ఇనుములా కనిపించే ముక్క నాలుగు వందల డిగ్రీల వేడిలో ఉండవచ్చు. దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె) పక్కన నేల మీద ఉన్న దేనినీ అడగకుండా ముట్టుకోకండి, పిల్లల చేయి వదలకండి.

ఇక భయపడుతూ వచ్చేవారికి ఒక మాట. మోతలు పడని పిల్లలుంటే ముందుగా తలుపు దగ్గరే నిలబడి నాకు చేయి ఊపండి, సుత్తి దించేస్తాను. కొలిమికి గాలి ఊదే తిత్తి తాడు లాగడం చప్పుడు లేని పని, అక్కడ మొదలుపెడదాము. చక్రాల కుర్చీలో వచ్చేవారు రాళ్ళు పరిచిన వీధుల గురించి, ఎత్తు గడపల గురించి ముందే అడిగితే, చాలాచోట్ల వెనుక దారి చూపిస్తారు. “తెలివితక్కువ ప్రశ్నేమో” అంటూ నసిగేవారు ముగింపు వేళకు అరగంట ముందు రండి. అప్పటికి జనం పలచబడతారు, నేను నిప్పులు ఒక పక్కకు లాగి, ఆ రోజు చేసిన మేకులను లెక్కపెడుతూ ఉంటాను. చేతులకు తొందర ఉండదు కనుక, ఎంతసేపైనా మాట్లాడగలను.