రాని నీటి కోసం ఖాళీ అయిన రాతి ఇళ్లు

న్యూజెర్సీ వైపు ఉండే మన తెలుగువాళ్లు చాలామంది వేసవిలో డెలవేర్ వాటర్ గ్యాప్ నేషనల్ రిక్రియేషన్ ఏరియాకి వెళ్తుంటారు. పడవలు, కొండలు, జలపాతాలు చూసి వస్తారు. అక్కడ నది పక్కన సాగే ఓల్డ్ మైన్ రోడ్డు మీద కాసేపు వెళ్తే, అది మొదటి నుంచీ అడవి కాదని తెలిసిపోతుంది. చెట్ల మధ్య పాత రాతి గోడలుంటాయి. వంట చేసే మనిషి లేని ఇళ్లుంటాయి.

వాటిలో వాల్‌ప్యాక్‌లోని వాన్ క్యాంపెన్ ఇన్‌ ఒకటి. 18వ శతాబ్దం మధ్యలో చుట్టుపక్కల దొరికిన రాయితో కట్టిన రైతు ఇల్లది. పేరులో 'ఇన్' ఉన్నా నిజానికి ఒక కుటుంబం కాపురం ఉంటూ, దారిన పోయేవాళ్లకి అన్నం పెట్టి పడక ఇచ్చిన ఇల్లు. లెనాపే జాతి ప్రజల ఈ లోయలోకి డచ్ కుటుంబాలు హడ్సన్ నది వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాయి. లెనాపేలు తమ నేలను పోగొట్టుకున్నారు. ఈ లోయ ఖాళీ కావడం ఇరవయ్యో శతాబ్దంలోనే మొదలు కాలేదని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 డిసెంబరులో, జార్జ్ వాషింగ్టన్‌ను కలవడానికి సైన్యంతో వెళ్తున్న జనరల్ హొరేషియో గేట్స్ ఈ ఇంటి దగ్గరే మజిలీ చేశాడు.

రెండు వందల ఏళ్లు నిలిచిన ఈ ఊళ్లకు ముప్పు 1955 ఆగస్టు వరదలతో వచ్చింది. 'కోనీ', 'డయాన్' అనే రెండు తుపాన్లు వారం తేడాతో విరుచుకుపడ్డాయి. ఎక్కువమంది చనిపోయింది బ్రాడ్‌హెడ్ క్రీక్ అనే ఉపనది ఒడ్డున. అయినా జవాబుగా డెలవేర్ నది మీదే డ్యామ్ కడదామన్నారు. టాక్స్ ఐలాండ్ దగ్గర ఆనకట్టకు 1962లో అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. దాని వెనక దాదాపు 60 కిలోమీటర్ల జలాశయం, చుట్టూ జనం సేదతీరడానికి పార్కు. 1965లో ఆ పార్కుకు చట్టం వచ్చింది. ఇవాళ మనం చూసే పార్కు అసలు ఆ జలాశయానికి గట్టుగా పుట్టిందే.

ఇక భూసేకరణ. తరతరాలుగా ఉన్న రైతులు ఇష్టం ఉన్నా లేకపోయినా ఇళ్లు అప్పగించి వెళ్లాల్సి వచ్చింది. వేల కట్టడాలను బుల్డోజర్లు నేలమట్టం చేశాయి. ఖాళీ ఇళ్లలో చేరి పొలం చేసుకుంటున్న కొందరు యువకులనూ 1974లో పోలీసు బలంతో పంపించేశారు. ముంపు గ్రామం అంటే ఏమిటో శ్రీశైలం, నాగార్జునసాగర్ నిర్వాసితుల ద్వారా మనకు తెలుసు. ఇక్కడ ఇంకో బాధ కూడా కలిసింది: ఇళ్లు పోయాక నీళ్లే రాలేదు.

డ్యామ్ ఖర్చు పెరుగుతూ పోయింది. నదీగర్భంలో గట్టి పునాది దొరుకుతుందా అన్న సందేహాలు, నిలవ నీరు పాచిపడుతుందన్న భయం, స్థానికుల పోరాటం తోడయ్యాయి. 1975లో నదీ పరివాహక కమిషన్‌లో న్యూయార్క్, న్యూజెర్సీ, డెలవేర్ రాష్ట్రాలు వద్దన్నాయి, పెన్సిల్వేనియా ఒక్కటే కావాలంది. 1978లో ఆ భాగాన్ని రక్షిత సహజ నదిగా ప్రకటించడంతో ఆనకట్ట ఆశ పోయింది. డెలవేర్ ప్రధాన ప్రవాహానికి ఇప్పటికీ అడ్డుకట్ట లేదు. నదికి అది మేలే, ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కానీ మిగిలిన రాతి ఇళ్ల సమస్య తీరలేదు. మనిషి మసలే ఇంట్లో పైకప్పు కారితే ఆ వారమే తెలుస్తుంది. తాళం వేసిన ఇంట్లో నీరు గోడల్లోకి దిగి, దూలం పుచ్చి, సున్నం రాలాక గానీ తెలియదు. నీళ్లలో మునగాల్సిన ఇళ్లుగా లెక్కేసి కొన్న వాటిని కాపాడే బాధ్యత చివరికి నేషనల్ పార్క్ సర్వీస్ మీద పడింది. డబ్బు చాలక కొన్ని శిథిలమయ్యాయి. వాన్ క్యాంపెన్ ఇన్ మాత్రం స్థానిక చరిత్ర సంఘం పట్టుదల వల్ల కూడా నిలబడి ఉంది. అది ఉన్న వాల్‌ప్యాక్ టౌన్‌షిప్‌లో 2020 జనాభా లెక్కల్లో తేలింది ఏడుగురు.